దేవుడి బియ్యం డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. ఈ ఆదివారం పొద్దున దీనమ్మ బకెట్టు నీళ్ళలో పేడ పిసికి, నన్ను అందులో ముంచి ముంచి వాకిట్లో కల్లాపి చల్లుతోంది. ముంచడం, విసరడం, మళ్ళీ ముంచడం. ఆమె చెయ్యి ఈ పనికి ఎంతగా అలవాటు పడిందంటే, మనసు అక్కడ లేకపోయినా ఒక్క చుక్క కూడా తప్పిపడదు. సగం వాకిలి తడిసేసరికి చర్చిలో మొదటి గంట మోగింది. దీనమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నాలోని పేడనీళ్ళు ఆమె మోచేతి మీదుగా కారి కుచ్చిళ్ళు తడుపుతున్నా ఆమె చూసుకోలేదు.

ఆదివారం గంట ఈ ఊరికి కొత్త కాదు. చాలాకాలంగా ఆ గంట మోగినప్పుడల్లా దీనమ్మ ఇంకా గట్టిగా ఊడుస్తుంది, ఇంకా గట్టిగా తోముతుంది. ఈ పూట మాత్రం ఆగింది. ఎందుకు ఆగిందో తెలియాలంటే నా కథ మొదటినుంచీ చెప్పాలి. డబ్బాకు కథేమిటని నవ్వకండి. నాలో ఎవరు ఏం పోశారో, ఎవరు ఏం తీసుకున్నారో చెప్పుకుంటూ పోతే అది మనుషుల కథే అవుతుంది.

నేను పుట్టింది సముద్రం అవతల. ఏ దేశమో నాకు తెలియదు. రేకును గుండ్రంగా చుట్టి, అతికి, అడుగు బిగించి, నా ఒంటిమీద ఒక ఆవు బొమ్మ అచ్చువేశారు. నల్లమచ్చల తెల్లావు, చుట్టూ పచ్చగడ్డి. లోపల పాలపొడి నింపి మూత బిగించారు. ఓడలో కొంత, లారీలో కొంత, చివరికి ఎడ్లబండిలో కొంత ప్రయాణం చేసి, ఉప్పెన వచ్చి పోయిన ఒక పల్లెలో దిగాను. ఇళ్ళు ఉండాల్సిన చోట బురద ఉంది. ఆ బురదలో జనం వరుసగా నిలబడి ఉన్నారు. నన్ను అందుకున్న చేతులు సువార్తమ్మవి.

"ఈ ఆవును చూడండే, ఎంత బలంగా ఉందో! ఉప్పెన మొహం చూసి ఎరగదుగా" అంది ఆమె నన్ను తిప్పి చూస్తూ.

వెనకున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఇల్లూ వాకిలీ కొట్టుకుపోయిన మనుషులు ఒక ఆవు బొమ్మను చూసి అలా నవ్వగలరని నన్ను తయారుచేసినవాళ్ళు ఊహించి ఉండరు.

నీళ్ళు వచ్చిన రోజున సువార్తమ్మ తాటిచెట్టును కాళ్ళతో పెనవేసుకుని, ఒక చేత్తో పెద్దకూతురు ఎస్తేరునూ, ఒక చేత్తో చంటివాడు జోసయ్యనూ పట్టుకుందట. భర్తా, నడిమి పిల్లా ఆమె కళ్ళముందే పోయారు. "నాకు మూడో చెయ్యి లేకపోయింది" అనేది ఎవరైనా అడిగితే. అంతకుమించి చెప్పేది కాదు.

పాలపొడి చుట్టుపక్కల పిల్లలందరి కడుపుల్లోకీ పోయాక నేను ఖాళీ అయ్యాను. నాలాంటి డబ్బాలకు అక్కడితో ఆయుష్షు తీరిపోవాలి. కానీ సువార్తమ్మ నన్ను బూడిదతో తోమి, ఎండబెట్టి, పొయ్యి పక్కన గూట్లో పెట్టింది. ఆ పల్లెలో దేవుణ్ణి నమ్ముకున్న ఇళ్ళన్నిటిలో ఒక అలవాటు ఉంది. అన్నం వండే ప్రతిసారీ, కొలిచిన బియ్యం ఎసట్లో పోసే ముందు అందులోంచి పిడికెడు తీసి దేవుడికని విడిగా వేస్తారు. వారమంతా పోగైన ఆ బియ్యాన్ని ఆదివారం చర్చికి తీసుకెళ్ళి, గుమ్మం దగ్గర పెట్టిన గంపలో పోస్తారు. అది పాస్టరుగారి ఇంటికీ, దిక్కులేని ముసలివాళ్ళకూ, విధవరాళ్ళకూ వెళుతుంది. కలిగిన ఇంట్లోంచీ పిడికెడే, లేని ఇంట్లోంచీ పిడికెడే.

"ఆయన నా రెండు పిడికిళ్ళలో ఇద్దరు బిడ్డల్ని నిలిపాడు. పిడికెడు గింజలు పెట్టలేనా?" అంటూ సువార్తమ్మ మొదటి పిడికెడు నాలో పోసింది. అలా నేను దేవుడి బియ్యం డబ్బానయ్యాను.

డబ్బాకు కళ్ళు లేవు కదా, మనుషుల్ని ఎలా గుర్తుపడతావని అడుగుతారేమో. పిడికిలిని బట్టే గుర్తుపడతాను. సువార్తమ్మ పిడికిలి పెద్దది. ఒక్కసారిగా తెరుచుకుని గింజలన్నీ దబ్బున పడేవి. ఎస్తేరమ్మ పిడికిలి చిన్నది. ఆ సంగతి ఆమెకే తెలుసు కాబట్టి రెండుసార్లు పోసేది, రెండోసారి పోస్తూ, "అయ్యా, ఇది కొసరు" అని దేవుడితో బేరమాడినట్టు అనేది. ఆమెకు పెళ్ళయింది. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడు. పిల్లలు లేరు. తల్లి దగ్గరికి వచ్చేసింది. ఆ తల్లి కూడా పోయాక తమ్ముడికి తల్లి అయింది.

జోసయ్య బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కాలవ అవతలి ఊరి నుంచి దీనమ్మను చేసుకొచ్చారు. ఆమె మొదటిరోజు నాలో పోసిన పిడికెడు నాకింకా గుర్తే. వేళ్ళు సగమే ముడిచి, ఎవరైనా చూస్తున్నారేమోనన్నట్టు పోసింది.

"ఏమే దీనా, ఇది దేవుడికా పిచ్చుకలకా?" అంది ఎస్తేరమ్మ పొయ్యి ఊదుతూ.

దీనమ్మ బెదిరిపోయి, "మా ఇంట్లో ఇట్టానే పోస్తాం వదినా" అంది.

"అయితే మీ ఊరి దేవుడు బక్కచిక్కి ఉండుంటాడు. మా ఊరాయనకు ఆకలెక్కువ. నిండా పొయ్యి."

దీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. ఆ తరువాత చాలా ఆదివారాలు వాళ్ళిద్దరూ కలిసే చర్చికి వెళ్ళేవారు. ఎస్తేరమ్మ నన్ను చంకనెత్తుకునేది. దారిపొడుగునా కొత్తపాట నేర్పుతానంటూ పాడేది. ఆమె గొంతు ఒక దారిన, రాగం ఒక దారిన పోయేవి. "వదినా, నువ్వు నేర్పింది పాడితే పాస్టరుగారు నన్ను బయటికి పంపుతారు" అనేది దీనమ్మ. ఎదురింటి కాంతమ్మ వీళ్ళను చూసి, "వదినామరదళ్ళు కాదే, మీరు జోడెద్దులు" అని ఎగతాళి చేసేది.

దీనమ్మకు కడుపు నిలిచింది. ఆ సంగతి నాకు తెలిసింది కూడా పిడికిలి వల్లే. నిండుగా, మెల్లగా, ప్రతి గింజా చెప్పి పోస్తున్నట్టు పోసేది. మూడో నెల దాటకముందే అది జారిపోయింది. మరుసటేడు ఇంకొకటి నిలిచి, అదీ అంతే అయింది. ఎస్తేరమ్మ మిరియాల చారు కాచి పోసింది, కాళ్ళు పట్టింది, పక్కనే పడుకుని ప్రార్థన చేసింది. దీనమ్మ కూడా చేసేది. మొదట్లో ఆమె ప్రార్థనలు పొడుగ్గా ఉండేవి, అడగాల్సినవన్నీ వరుసగా అడిగేది. తరువాత పొట్టివయ్యాయి. తరువాత పెదవులు కదిలేవి గాని మాట వచ్చేది కాదు. ఊళ్ళో ఎవరి పురిటి కబురు తెలిసినా ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

ఒక మధ్యాహ్నం ఎస్తేరమ్మ పొలంలో కలుపుతీతకు వెళ్ళింది. జోసయ్య మిల్లులో ఉన్నాడు. వీధిలో సోదెమ్మ గొంతు వినిపించింది. ఆ పల్లెలో ఆమెను పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు తక్కువ. దీనమ్మ గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, చెయ్యి ఊపి పిలిచింది. సోదెమ్మ బుట్ట దించి, చాట తీసి ముందు పెట్టుకుంది.

"చాటలో బియ్యం పొయ్యి తల్లీ. బియ్యం పలికితేనే నేను పలికేది."

ఇంట్లో బియ్యం కుండ అడుగంటి ఉంది. సాయంత్రం జోసయ్య మిల్లు నుంచి తేవాలి. దీనమ్మ కాసేపు వంటింట్లో అలాగే నిలబడింది. ఆ తరువాత ఆమె చెయ్యి గూట్లోకి వచ్చింది.

నాలోంచి బియ్యం తియ్యడానికి ఎవరూ చెయ్యి పెట్టగా నేను ఎరగను. ఇంట్లో పస్తులున్న రోజుల్లో కూడా సువార్తమ్మ నా వైపు చూసేది కాదు. "ఆదివారం లోపు మళ్ళీ పోస్తాలే" అని దీనమ్మ మెల్లగా అంది. నాతో అందో, దేవుడితో అందో తెలియదు. నేను ఒట్టి రేకును, అడ్డం చెప్పలేను. ఆయన చెప్పగలవాడే, కానీ చెప్పలేదు. మనుషులు తప్పుదారి పట్టేటప్పుడు పిడుగులు పడవు. పెరట్లో కోడి కూడా గింజలు ఏరుకోవడం ఆపలేదు.

సోదెమ్మ ఆ బియ్యాన్ని చాటలో వేళ్ళతో రాస్తూ, "ఇంట్లో ఎవరెవరుంటారు తల్లీ?" అని అడిగింది. దీనమ్మ చెప్పింది. "ఆ వదినగారికి పిల్లలా?" లేరని చెప్పింది. "మొగుడు?" పోయాడని చెప్పింది. సోదెమ్మ కళ్ళు మూసుకుని, దీనమ్మ ఇచ్చిన మాటలనే కాస్త రాగం కలిపి తిరిగి ఇచ్చింది.

"ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా తల్లీ. నీ ఇంట్లోనే ఒక ఒడి నిండని ఆడకన్ను ఉంది. ఆ కన్ను మంచిదే కావచ్చు, దాని ఆశ మంచిది కాదు. అది ఇంట్లో ఉన్నన్నాళ్ళు నీ కడుపున కాయ నిలవదు."

బియ్యాన్ని మూటగట్టుకుని సోదెమ్మ వెళ్ళిపోయింది. ఆమె ఇంట్లోనూ ఆకలితో పిల్లలు ఉండి ఉంటారు, ఆ పూట ఆ బియ్యం వాళ్ళ ఆకలే తీర్చి ఉంటుంది. దాన్ని నేను తప్పుపట్టను. కానీ దీనమ్మ ఆ మాటను మింగేసింది. మింగిన మాట బియ్యం లాంటిది కాదు, అరగదు.

ఆమె ఒకేసారి ఏమీ అనలేదు. వదిన వడ్డించబోతే కంచం పక్కకు జరిపేది. తన చీరలు విడిగా ఆరేసేది. చారు కాచి ఇస్తే, ఎస్తేరమ్మ అటు తిరగగానే పెరట్లో పారబోసేది. ఆదివారం నన్ను చంకనెత్తుకుని ఎస్తేరమ్మ "రావే" అంటే, తలనొప్పి అనేది. నాలో బియ్యం తగ్గిందని ఎస్తేరమ్మ గమనించింది. గమనించి ఏమీ అడగకుండా తన పిడికిళ్ళు పోసి సరిచేసింది.

ఒక సాయంత్రం అన్నాల వేళ ఆమె ఇక ఉండబట్టలేక అడిగేసింది. "దీనా, నేనేం చేశానే? తిట్టు, కొట్టు. ఈ మూగనోము ఏందే?"

దీనమ్మ కంచంలోకి చూస్తూనే అంది. "నీ కన్ను నా మీద నుంచి తియ్యి వదినా. నువ్వు ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు నాకు కడుపు నిలవదంట."

ఎస్తేరమ్మ వడ్డించబోయిన కూర మళ్ళీ గిన్నెలోనే వేసి మూత పెట్టింది.

"ఎవరన్నారే?" అంది ఎస్తేరమ్మ.

"ఎవరో అన్నారులే."

ఎస్తేరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా అబ్బాయ్, నువ్వూ అట్టానే అనుకుంటన్నావా?"

జోసయ్య ముద్ద కలుపుతూనే ఉన్నాడు. కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలిపాడు. తల ఎత్తలేదు. అతను ఆ ఒక్క క్షణంలో తల ఎత్తి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మర్నాడు ఎస్తేరమ్మ తన రెండు చీరలూ, దువ్వెనా మూట కట్టుకుంది. గడప దగ్గర ఆగి, "వంకాయలు తెచ్చి పెట్టా, వడలకముందే వండుకో. ఆదివారం డబ్బా మర్చిపోబాక" అంది. ఏడవలేదు. చర్చి వెనక వరండాలో ఒక మూలకు చేరింది. ఊడ్చేది, గంట కొట్టేది. కొన్నాళ్ళకు పాస్టరుగారి భార్య, గుమ్మం దగ్గర పిడికెడు బియ్యం గంప చూసుకునే పని కూడా ఆమెకే అప్పగించింది.

అక్కడ బిగుసుకుంది ముడి. దీనమ్మ చర్చికి వెళ్ళాలంటే ఆ గుమ్మంలోంచే వెళ్ళాలి. గుమ్మంలో గంప ఉంది, గంప దగ్గర ఎస్తేరమ్మ ఉంది. దేవుడి దగ్గరికి వేరే దారి ఏదీ ఆ ఊళ్ళో లేదు.

మొదట్లో దీనమ్మ బియ్యం పోస్తూనే ఉండేది. ఆదివారాలు గడిచాయి. నన్ను పట్టుకుని అక్క ఎదుట నిలబడలేక జోసయ్య కూడా తీసుకెళ్ళలేదు, నేను అంచుదాకా నిండిపోయాను. పైన పోయడానికి చోటులేక ఆమె మానేసింది. నాలో పురుగు పట్టింది. గూటి ముందు నుంచి వెళుతూ ఆమె నా వైపు చూడకుండా మొహం తిప్పుకునేది. ఒకరోజు బియ్యం కోళ్ళకు పోసి నన్ను అటక ఎక్కించింది. అక్కడ చీకటి, ఎలుకలు, తెగిన చాపలు. చర్చి పాటలు అంత ఎత్తుకు కూడా వినిపించేవి. జోసయ్య ఒక్కడే వెళ్ళి ఒక్కడే వచ్చేవాడు. వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. ఎవరైనా అడిగితే దీనమ్మ, "మా వదినే తనకు తాను పోయింది, దేవుడి సేవ చేసుకుంటానని" అనేది. అబద్ధం కూడా రోజూ చెబితే గొంతులో నునుపు తేలుతుంది.

ఆమెకు మూడోసారి నిలిచింది. ఇంట్లో ఏ కన్నూ లేదు. సోదెమ్మ చెప్పినట్టే అన్నీ జరిగాయి. అయినా అదీ జారిపోయింది.

ఆ రోజు దీనమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నింద వేయడానికి ఇక ఎవరూ మిగల్లేదు. తను తరిమేసిన మనిషి తప్ప కాళ్ళు పట్టేవాళ్ళూ ఎవరూ లేరు. ఆ నీరసంలోనే లేచి అటక మీది చెత్తంతా కిందికి లాగి పడేసింది. అందులో నేనూ ఉన్నాను. అలా పెరట్లోకి వచ్చి, పేడనీళ్ళ డబ్బానయ్యాను. నా ఆవు బొమ్మ అప్పటికే గీసుకుపోయి, ఒక కొమ్మూ కాస్త గడ్డీ మిగిలాయి.

పెరట్లో ఉన్నందువల్లే మర్నాడు జరిగింది నాకు తెలిసింది. దడి అవతల ఎస్తేరమ్మ నిలబడింది. చేతిలో మూత పెట్టిన గిన్నె.

"దీనా... ఓ దీనా! జావ తెచ్చానే. వేడిగా ఉంది, తాగు."

లోపల చాప చప్పుడైంది. దీనమ్మ మేలుకునే ఉంది. పలకలేదు. ఎస్తేరమ్మ ఇంకోసారి పిలిచింది. ఎండలో చాలాసేపు నిలబడింది. చివరికి దడి సందులోంచి చెయ్యి పెట్టి గిన్నెను బట్టలుతికే బండ మీద, నా పక్కనే పెట్టి వెళ్ళిపోయింది.

అడుగుల చప్పుడు పోయాక దీనమ్మ వచ్చింది. మూత తీసి చూసి, గిన్నె ఎత్తి జావంతా కోళ్ళ ముందు కుమ్మరించింది. కొంచెం జావ ఆమె వేలికి అంటింది. తుడుచుకోబోయి, ఏమనుకుందో, ఆ వేలు నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయి ఉంటుంది, ఎస్తేరమ్మ చేతికి ఉప్పు ఎప్పుడూ సరిపోయేది. దీనమ్మ ఖాళీ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని బండ మీద కూలబడిపోయింది. "ప్రభువా" అంది. ఆ ఒక్క మాట తరువాత ఆమెకు ఇంకేమీ రాలేదు. కోళ్ళు జావ తిని, కాళ్ళతో నేల గీరి, వెళ్ళిపోయాయి.

ఆ తరువాత ఆమె రోజులు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు. నిన్న కాంతమ్మ దడి మీదుగా తొంగిచూసి పలకరించింది.

"ఏమే, రేపు ఆదివారమన్నా వస్తావా, లేకపోతే దేవుణ్ణే మీ ఇంటికి రమ్మని కబురు పెట్టమంటావా?"

"వస్తే ఆమె దగ్గర పొయ్యాలిగా" అంది దీనమ్మ.

"పొయ్యి. ఆమె చెయ్యి కరవదులే."

"నిన్న మొన్న తిట్టుకున్న తగువు కాదు కాంతమ్మా ఇది. ఏం మొహం పెట్టుకుని పోను?"

"ఉన్న మొహమే పెట్టుకుని రా. కొత్తది కొనడానికి సంతలో దొరకదుగా" అంది కాంతమ్మ. నవ్వించాలనే అంది గాని దీనమ్మ నవ్వలేదు.

అదే రోజు సాయంత్రం, పెరటి వసారాలో జోసయ్యకు అన్నం పెడుతూ దీనమ్మ తనలో కుమిలేదాన్ని ఇంకో రూపంలో బయటపెట్టింది. మనుషులు తమ మీద తాము కోపం తెచ్చుకున్నప్పుడు దాన్ని వేరేవాళ్ళ మీదే విసురుతారు.

"మీ అక్కకేం, దేవుడి బియ్యం తిని హాయిగా ఉంది."

జోసయ్య చెయ్యి ఆగింది. "తినేది సగమే" అన్నాడు.

"అంటే?"

"అందరూ గంపలో పోసినాక, పాస్టరుగారు ఆమె వాటా ఆమెకు పోస్తారు. అందులోంచి ఒక పిడికెడు తీసి మళ్ళీ గంపలో పోస్తది. ప్రతి ఆదివారం. మొదట్లో ఎవరో అడిగారు, ఇది ఎవరింటిదమ్మా అని. మా తమ్ముడింటిది, మా దీన పంపింది అని చెప్పింది. ఇప్పుడు ఎవరూ అడగరు. నేను ఎదురుగానే కూచుని ఉంటా."

దీనమ్మ చేతిలోని గరిటె గిన్నెలోకి జారిపోయింది. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలా?"

జోసయ్య వేళ్ళకంటిన మెతుకులు కంచంలోకి దులిపాడు. "ఆ రోజు కూడా నేనేం చెప్పలాగా" అన్నాడు చివరికి. "నోరు లేనోణ్ణి. ఒకసారి ముయ్యడం నేర్చుకున్నాక తెరవడం చేతగావడంలా."

ఈ ఇంటి పేరున ఒక్క ఆదివారం కూడా పిడికెడు తప్పలేదు. ఈ ఇంటికి మాత్రమే ఆ సంగతి తెలియలేదు. నేను పేడ బకెట్టు పక్కన బోర్లా పడి ఉండి ఆ మాటలు విన్నాను. నేను చేయాల్సిన పని నేను లేకుండానే జరిగిపోతోందని తెలిసి, డబ్బాను కాబట్టి ఊరుకున్నాను.

అదీ దీనమ్మ చెయ్యి ఈ పొద్దున గాలిలో ఆగడానికి కారణం.

గంట మోగడం ఆగాక ఆమె బకెట్టును అక్కడే వదిలేసింది. సగం వాకిలి తడిగా, సగం పొడిగా ఉండిపోయింది. నన్ను బావి పళ్ళెం దగ్గరికి తీసుకెళ్ళి బూడిదా కొబ్బరి పీచూ తీసుకుని తోమడం మొదలుపెట్టింది. అతుకుల్లో ఎండిపోయిన పేడను పుల్లతో గీకింది. మూడు నీళ్ళు పోసి కడిగింది. మిగిలిన ఆ కొమ్మూ గడ్డీ కూడా పోయి, ఒట్టి రేకు తళతళమంది. నాకు సంతోషం వేసిందని చెప్పడానికి సిగ్గుపడను. రెండో గంటకల్లా చంకనెక్కి వీధిలో వెళతానని అనుకున్నాను. ఎస్తేరమ్మ నన్ను చూడగానే గుర్తుపడుతుందని అనుకున్నాను.

దీనమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నన్ను కొంగుతో తుడిచి బియ్యం కుండ దగ్గర పెట్టింది. పిడికెడు పోసింది. ఇంకో పిడికెడు. ఆపకుండా పోస్తూనే ఉంది. తప్పిన ఆదివారాలన్నీ ఒక్క పూటలో నింపేయాలన్నట్టు, కుండ వంచి మరీ పోసింది. నేను అంచుదాకా నిండాను. పైన గుట్టగా నిలిచింది. రెండు చేతులతో నన్ను ఎత్తి, ఒకసారి ఒంటికి ఆనించుకుని, గుమ్మం దాకా నడిచింది.

గుమ్మంలో ఆగిపోయింది. ఆమె గుండె నా రేకుకు కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. చూపు నా మీద ఉంది. ఆమె ఏం చూసిందో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు కాస్త అర్థమవుతోంది. నిండు డబ్బా మంచి చాటు. నన్ను ముందు పెట్టుకుని వెళితే ఎవరూ ఎవరి మొహమూ చూడాల్సిన పనిలేదు. ఆమె ఒంచుతుంది, ఎస్తేరమ్మ గంప జరుపుతుంది, బియ్యం పడుతుంది. వెనకనున్నవాళ్ళు ముందుకు వస్తారు. అంతే, అయిపోతుంది. మాట అనకుండా, చెయ్యి తాకకుండా, అడగాల్సింది అడగకుండా ఇద్దరూ లోపలికి వెళ్ళి పాట పాడుకోవచ్చు. మనుషులు దేవుడికి ఇచ్చేవాటిలో చాలా భాగం, ఆయన ఎదుట ఖాళీగా నిలబడలేక ఇచ్చేవే.

దీనమ్మ వెనక్కి వచ్చింది. నన్ను గూట్లో, సువార్తమ్మ నాటి చోట్లోనే పెట్టింది. గుట్ట నుంచి నాలుగు గింజలు జారి నేలమీద పడ్డాయి. ఆమె ఏరలేదు.

నేను మళ్ళీ శుభ్రంగా ఉన్నాను, నిండుగా ఉన్నాను, నా గూట్లో నేనున్నాను. ఇంత ఒంటరిగా మాత్రం అటక మీద కూడా లేను. నా బరువు లేకుండా ఆమె ఎలా నడుస్తుందో నాకు తెలియదు. ఆ గుమ్మం దగ్గర ఎస్తేరమ్మ ఏమంటుందో, అసలేమైనా అంటుందో లేదో కూడా నాకు తెలియదు. చర్చి దాకా చూసే గూడు కాదిది.

రెండో గంట మోగింది. మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్న జోసయ్య తల ఎత్తాడు.

"ఏమే దీనా, డబ్బా మర్చిపోతన్నావు."

దీనమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. తన రెండు ఖాళీ చేతులనూ ఒకసారి చూసుకుంది. గడప దిగి చర్చి వైపు వెళ్ళిపోయింది.